ఒరిజినలేనాండీ?

గోదావరి జిల్లాల్లో కోడికి ఇప్పటిదాకా గద్ద, ముంగిస, ఊరకుక్క, కొక్కెర తెగులు, కనుమ పండగ అని అయిదుగురే శత్రువులు. ఈమధ్య ఆరో శత్రువు తయారైంది. అది ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి కారులో వస్తుంది. దొడ్డి గేటు దగ్గర ఆగి అద్దం దించుతుంది. దిగకుండానే అడుగుతుంది: "ఒరిజినలేనాండీ?"

నాటుకోళ్లు పెంచి అమ్ముకునే రైతు ఈ ప్రశ్నకి రోజూ జవాబు చెప్పుకోవాలి. పొలం కొనేటప్పుడు ఈసీ తీయించడానికి బద్ధకించే మనిషి కూడా కిలోన్నర పుంజు దగ్గరికొచ్చేసరికి సీబీఐ అయిపోతాడు. పంచాయతీ ఆఫీసులో కోళ్లకి జనన ధ్రువీకరణ పత్రం ఇవ్వకపోవడం పెద్ద లోటే. గుడ్డు పొదిగిన తేదీ, తల్లి పేరు, కులం, పెంటకుప్ప సర్వే నంబరు రాసి ముద్ర కొట్టిస్తే ఈ బాధ తప్పేది.

అది లేదు కాబట్టి త్రిసభ్య సంఘం దిగుతుంది. కొనే ఆయన అధ్యక్షుడు. ఆయన బావమరిది నిపుణుడు, ఎందుకంటే వాళ్ల తాతగారికి ఎప్పుడో గోదావరి లంకలో కోళ్లుండేవి. మూడో సభ్యుడు ఫోను. అందులో 'అసలైన నాటుకోడిని కనిపెట్టడం ఎలా' అనే వీడియో ముందే సిద్ధంగా ఉంటుంది.

మొదటిది పరుగు పరీక్ష. "వదలండి, చూద్దాం" అంటాడు బావమరిది. "నాటుదైతే అందదు." రైతు చెప్పి చూస్తాడు: కోసే కోడికి నాలుగైదు గంటల ముందు మేత ఆపి, నీళ్లు మాత్రం పెట్టి, నీడన గంప కింద కదలకుండా ఉంచాలండీ, బెదరగొడితే మాంసం చెడుతుందండీ అని. సంఘం ఒప్పుకోదు. గంప ఎత్తుతారు. పుంజు కొబ్బరితోట దాటి, బోదె దాటి, పక్కాయన అరటితోటలోకి పోతుంది. పరీక్ష నెగ్గింది. ఇప్పుడు దాన్ని ఎవరు పట్టాలి? నిపుణుడు లుంగీ ఎగ్గట్టి బోదెలోకి దిగుతాడు, చెప్పు బురదలో ఉండిపోతుంది, మనిషి పైకొస్తాడు. అధ్యక్షుడు ఒడ్డునుంచి "ఎడమవైపు, ఎడమవైపు" అంటూ ఉంటాడు. ఫోను ఇదంతా రికార్డు చేస్తుంది. చివరికి రైతు పదేళ్ల కూతురు నాలుగు నూకలు చల్లి "బాబ్బాబ్బా" అని పిలిస్తే అది నడుచుకుంటూ వచ్చి చేతికి చిక్కుతుంది. అప్పుడు నిపుణుడికి అనుమానం: "పిలిస్తే వచ్చిందంటే ఫారం కోడేమో బావా."

రెండోది కాళ్ల పరీక్ష. పసుపు కాళ్లుంటే నాటుది కాదని వీడియో తీర్పు. నాటుకోళ్లలో పసుపు, బూడిద, నలుపు, అన్ని రంగుల కాళ్లూ ఉంటాయి. మూడోది ఈకల పరీక్ష. తెల్లగా ఉంటే బాయిలరంట! తెల్ల పుంజుకి సేతువ అని పేరుపెట్టి, దాని మీద వేలు కాసిన నేల ఇది. ఇక్కడ నిలబడి ఆ మాట అనాలంటే గుండె ధైర్యం కావాలి.

గుడ్ల దగ్గర తమాషా ఇంకా ముదురుతుంది. నాటుపెట్ట గుడ్డు చిన్నది, 40 గ్రాములు అటూ ఇటూ తూగుతుంది. పెంకు మీగడ రంగులోనో కాస్త గోధుమ ఛాయలోనో ఉంటుంది, ఒక గంపలోనే నాలుగు ఛాయలుంటాయి. సంఘానికి మాత్రం చింతపండు రంగులో, అచ్చుగుద్దినట్టు అన్నీ ఒకే సైజులో కావాలి. దొడ్లో గుడ్లు తిరగ్గొట్టి, తెల్ల గుడ్డుకి టీ డికాక్షన్ పట్టించిన సరుకు రోడ్డు మీద రెట్టింపు ధరకి కొంటారు. తడి వేలితో గట్టిగా రుద్దితే ఆ రంగు వేలికే వస్తుంది. కానీ రుద్ది చూడమని వీడియోలో చెప్పలేదు.

ఇంత విచారణలోనూ "తల్లిని చూపించండి" అని అడిగినవాడు ఒక్కడూ ఉండడు. నాటుపెట్ట పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. 21 రోజులు పొట్ట మాడ్చుకుని పొదుగుతుంది, చెయ్యి పెడితే పొడుస్తుంది. ఏడాది మొత్తం మీద 60 గుడ్లు పెడితే మంచి పెట్ట. పందెం జాతి పెట్ట అందులో సగం పెట్టినా గొప్పే. అందుకే జాతి తెలిసినవాడు పుంజునైనా ఇస్తాడు గానీ పెట్టని గడప దాటనివ్వడు.

రోడ్డు పక్క వలబోనుల్లో 'నాటు' పేరుతో అమ్మే వాటిలో చాలా భాగం వనరాజా, గ్రామప్రియ లాంటివి, లేదా వాటి సంకరాలు. ఆ రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో పెరటి పెంపకానికని తయారైన రకాలు. వాటి తప్పేం లేదు. వనరాజా మూడు నెలలకే కిలో దాటుతుంది, అదే వయసుకి నాటుపిల్ల అరకిలో అటూ ఇటూ. గ్రామప్రియ గుడ్లు బాగా పెడుతుంది, పొదుగు జోలికి పెద్దగా పోదు. వాటి పేరుతో వాటిని అమ్మితే ఎవరికీ నొప్పిలేదు. పేరు మార్చి అమ్మితేనే డబ్బు. ఎందుకంటే అడిగేవాడు రకం అడగడు, వయసు అడగడు, ఒట్టు అడుగుతాడు. ఒట్టు వేసేవాడికి బోణీ అయిపోతుంది.

ధర చెప్పగానే అధ్యక్షుడి ముఖం జాలిగా మారుతుంది. "బాయిలర్ కిలో ఎంతుందో తెలుసాండీ?" తెలుసు. బాయిలర్ 40 రోజుల్లో రెండు కిలోలు దాటుతుంది, అందుకు మూడున్నర కిలోల మేత కూడా పట్టదు. నాటుపుంజు కిలోన్నరకి రావాలంటే ఆరేడు నెలలు. పెట్ట కింద 12 గుడ్లు పెడితే పదో తొమ్మిదో పిల్లలవుతాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆరు మిగిలితే ఆ ఇంట్లో దీపం పెట్టుకోవచ్చు.

మిగతావి ఏమయ్యాయంటే, మొదటి వారం బల్బు కింద 35 డిగ్రీల వేడి ఉండాలి, తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించాలి. థర్మామీటరు లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుట్టపడితే చలి. అంచులకి పోయి నోళ్లు తెరిస్తే వేడి. అన్నీ ఒకే మూలకి చేరితే ఎక్కడినుంచో గాలి కొడుతోంది. రాత్రి కరెంటు పోతే చలికి ఒకదాని మీద ఒకటి ఎక్కి అడుగునున్నవి ఊపిరాడక పోతాయి. ఇక ముసురు పట్టిందంటే డెల్టాలో పిల్లల కింద పరిచిన ఊక ఆరదు. గుప్పెడు ఊక తీసి పిండితే ఉండ కట్టిందా, ఆ పూటే మార్చాలి. రేపు చూద్దాంలే అంటే నెల పిల్లలు నెత్తురు పారుకుంటాయి. ఇవన్నీ గడిచాక పైన గద్ద ఉండనే ఉంది. దానికి ఒరిజినలా కాదా అనే పట్టింపు లేదు.

కోసి తూస్తే కిలోన్నర కోడి కిలో అయింది, మిగతా అరకిలో ఏదీ అని పేచీ. ఈకలూ పేగులూ కవర్లో కట్టి ఇమ్మంటారా? ఇంటికెళ్లాక ఫోను: "మూడు విజిల్స్ వేశామండీ, ముక్క ఉడకలేదు." ఏడు నెలలు తోటంతా తిరిగిన కాళ్లు మూడు విజిల్స్‌కి ఎలా ఉడుకుతాయి?

ఇదే అధ్యక్షుడిని పుష్యమాసంలో చూడాలి. బేరం లేదు, తూకం లేదు. బాదంపప్పు, జీడిపప్పు, కైమా తినిపించి, చెరువులో ఈత కొట్టించి మేపిన పుంజు దగ్గర చేతులు కట్టుకుని నిలబడతాడు. ఏ నక్షత్రానికి ఏ రంగు గెలుస్తుందో కుక్కుట శాస్త్రం అప్పజెబుతాడు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం సంక్రాంతి మూడు రోజులూ సెలవు పెట్టి అత్తారింటికి పోతాయి. ఏడాదిన్నర మేపిన పక్షి కత్తి కట్టిన నిమిషానికి నేలమీద ఉంటుంది. వేలల్లో పోగొట్టుకుని వచ్చిన మనిషి మర్నాడు దొడ్డి దగ్గర కిలోకి ఇరవై తగ్గించమంటాడు.

సరే, అదంతా నవ్వుకోవచ్చు. "టీకా వేశారా?" అని ఒక్కడూ అడగకపోవడం దగ్గర మాత్రం నవ్వు రాదు.

కొక్కెర తెగులుకి మందు లేదు. ఆకుపచ్చగా పారుతుంది, మెడ మెలి తిరుగుతుంది, రెండు రోజుల్లో గూడు ఖాళీ. ఉన్నది టీకా ఒక్కటే. ఏడో రోజున లసోటా అనే కొక్కెర టీకా కంట్లో చుక్క, పద్నాలుగో రోజున గంబోరో అనే ఇంకో రోగానికి టీకా, నాలుగో వారం మళ్లీ లసోటా, ఆరో వారం మశూచి టీకా, ఏడో వారం నులిపురుగుల మందు, ఎనిమిదో వారం మళ్లీ కొక్కెరకే రెక్క కింద చర్మంలో ఆర్‌టూబీ అర మిల్లీలీటరు. చిన్న సీసా అంటేనే 100 డోసులు. దాన్ని ఐసులో పెట్టి తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడెయ్యాలి. ఇంట్లో ఉన్నవి 22 పిల్లలు. వీధిలో నలుగురు ఒకే రోజు కోళ్లు మూసి ఉంచితే ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. ఆ నలుగురూ కలవరు! కోడిపందేనికి మాత్రం వీధంతా చందా వేసుకుని పందిరి వేస్తారు.

తర్వాత తెగులు వస్తుంది. వచ్చిన రోజు చేసే పని ఏమిటో ఈ డెల్టాలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. తూలుతున్న కోళ్లని గంపకెత్తి, చచ్చేలోగా సొమ్ము చేసుకోవాలని సంతకి తోలేస్తారు. అక్కడినుంచి తెగులు పది ఊళ్లకి టిక్కెట్టు లేకుండా వెళుతుంది. చచ్చినవాటిని సంచిలో కట్టి కాలవలో విసిరేస్తారు. మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చడానికి పార లేదా ఇంట్లో? ఆ కాలవ నీళ్లే దిగువ ఊళ్లో గేదెలు తాగుతాయి, ఆడవాళ్లు ఆ రేవులోనే బట్టలు ఉతుకుతారు. ఇది చేసే చేతులకి సిగ్గు లేదు, చూసి తలతిప్పుకునే కళ్లకీ లేదు. 2025 ఫిబ్రవరిలో వేల్పూరు, కానూరు వైపు ఫారాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడ్డాక చికెన్ కొట్లు మూతపడ్డాయి. తన కోళ్లకి ఏ రోగమూ లేని నాటుకోళ్ల రైతు కూడా వారాలపాటు ఊరికే మేపుకున్నాడు. ఒరిజినలేనా అని అప్పుడు ఎవరూ అడగలేదు. అడగడానికి ఎవరూ రాలేదు.

మన సంఘం సంగతికొద్దాం. కాళ్లూ ఈకలూ గుడ్లూ చూసి, ధర విని, "ఆలోచించుకుని వస్తామండీ" అని బురద కాలితో కారెక్కారు. రావులపాలెం సెంటర్లో ఆటో వెనక వలబోను. అధ్యక్షుడు అద్దం దించి అడిగాడు. ఆటో అబ్బాయి కోడి నెత్తిన చెయ్యి పెట్టి, "మా అమ్మ మీద ఒట్టండీ" అన్నాడు. మూడు కోళ్లు డిక్కీలో పడ్డాయి. అవి అరవలేదు, కదల్లేదు, ఎండు చేపల్లా పడుకున్నాయి.

సాయంత్రం బావమరిది పనిగట్టుకుని రైతుకి ఫోను చేశాడు. "ఏవండీ, మూడు విజిల్స్‌కే వెన్నలా ఉడికిపోయిందండీ. ఒరిజినలంటే అదీ."