ఫైలు తేలికైతే పరువేం కాను?

ఆపరేషన్‌కు ముందు అనవసరమైన పరీక్షలు తగ్గించాలని, యాంటీబయాటిక్స్ ఆచితూచి వాడాలని కొందరు డాక్టర్లే చెబుతున్నారు. అమెరికాలో 2012లోనే ‘చూజింగ్ వైజ్లీ’ (తెలివిగా ఎంచుకోండి) అని ఇలాంటి ప్రచారం మొదలైంది. ఇక్కడిదాకా వస్తే మన ఇళ్ల పరువేం కావాలి? అందుకే ఈ హెచ్చరిక.

మా మావయ్యకు కుడికంట్లో శుక్లం. ఆపరేషన్ పట్టుమని ఇరవై నిమిషాలు. మత్తు కూడా చుక్కలతోనే. దానికి రక్తం, మూత్రం, ఛాతీ ఎక్స్‌రే, ఈసీజీ రాశారు. (బీపీ, షుగరు చూడటం వేరే సంగతి. నిమిషంలో అయిపోతాయి కాబట్టి వాటికి గ్లామర్ లేదు.) “కంటికీ ఛాతీకీ ఏమిటమ్మా సంబంధం?” అని అత్తయ్య అడిగితే, కౌంటర్లో అమ్మాయి “ప్యాకేజీలో ఉందండీ” అంది. పెళ్లి భోజనంలో ఐస్‌క్రీమ్ వద్దని లేచిపోయేవాళ్లుంటారా? మేమూ లేవలేదు.

ఈసీజీలో ఎక్కడో ఒక గీత వంకరపోయింది. అదేమిటో తేల్చడానికి టూడీ ఎకో అనే గుండె స్కానింగ్. అది బాగానే ఉందిగానీ, ఎందుకైనా మంచిదని ట్రెడ్‌మిల్. బస్సు వెళ్లిపోతున్నా ఏనాడూ పరుగెత్తని 72 ఏళ్ల మనిషి, పంచె ఎగ్గట్టి బెల్టు మీద నడిచాడు. గుండె భేషుగ్గా ఉందన్నారు. ఇంతలో మూత్రంలో పస్ సెల్స్ (చీము కణాలు) బయటపడ్డాయి. మంట లేదు, జ్వరం లేదు. అయినా కాగితం మీద పడ్డాక ఊరుకుంటారా? అయిదు రోజుల యాంటీబయాటిక్. దాంతో విరేచనాలు పట్టుకున్నాయి. వాటికి ఇంకో చీటీ. మూడు వారాలు గడిచాయి, కన్ను మాత్రం అలాగే ఉంది. ఓ పొద్దున కాఫీలో పంచదార అనుకుని బొంబాయి రవ్వ కలుపుకున్నాడు.

అమెరికా, కెనడాల్లో దాదాపు 19 వేల శుక్లం ఆపరేషన్ల మీద చేసిన అధ్యయనం 2000లో అచ్చయింది. సగం ఆపరేషన్లకు ముందు మామూలు పరీక్షలన్నీ చేయించారు, సగానికి చేయించలేదు. ఆరోగ్యపరమైన చిక్కులు రెండువైపులా వెయ్యి ఆపరేషన్లకు 31 దగ్గరే తేలాయి. నేనొప్పుకోను. వాళ్లు చిక్కులు లెక్కపెట్టారు సరే, ఫైళ్లు తూచారా? మా వీధిలో పరామర్శకు వచ్చినవాళ్లు “కన్ను కనిపిస్తోందా?” అని అడిగేది తర్వాత. ముందు అడిగేది “ఏమేం టెస్టులు చేశారు?” అనే. ఎదురింటాయనకు రెండు ఫైళ్లున్నాయి.

ఇక యాంటీబయాటిక్స్. ఆపరేషన్‌కు అవసరమైతే కోతకు ముందు ఇవ్వండి, కుట్లు పడ్డాక కొనసాగించొద్దు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో చెప్పింది. మా బావమరిదికి హెర్నియా ఆపరేషన్ చేసిన డాక్టరు ఏడు రోజులకు రాశారు. ఆయన్నేమీ అనను. ఉత్త చేతులతో పంపిస్తే ‘సరిగ్గా చూడలేదు’ అనేది మేమే. రేపు కుట్టు చీము పడితే పగిలేది ఆయన ఆసుపత్రి అద్దాలే. బావమరిది నాలుగు రోజులు మింగి, మిగిలినవి ఫ్రిజ్ మీది స్టీలు డబ్బాలో వేశాడు. ఇప్పుడు ఇంట్లో ఎవరు దగ్గినా ఆ డబ్బా దిగుతుంది. మందు చాలీచాలకుండా వాడితే క్రిములు దానికి అలవాటు పడిపోతాయని పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో, నోబెల్ ఉపన్యాసంలోనే చెప్పాడు. ఆయన మా మెడికల్ షాపుకు రాలేదు. వచ్చి ఉంటే, “రెండు పూటలకివ్వు” అనగానే కత్తెరతో స్ట్రిప్పు కత్తిరించే నేర్పు చూసేవాడు. స్ట్రిప్పు మీది ఎర్ర గీత చీటీ లేకుండా అమ్మొద్దనడానికట. మేం డిజైన్ అనుకున్నాం.

మొత్తానికి మావయ్యకు ఆపరేషన్ అయింది. కన్ను తేటపడ్డాక, మొదటిసారి తన ఫైలు తానే తీసి, ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టుకుని మూలనున్న సన్నక్షరాలు చదివాడు. పేరు ఆయనది కాదు. వయసు 34. స్త్రీ.

ఇన్ని వారాల్లో, ఇన్ని గదుల్లో అది ఎవరి కంటా పడలేదు. వెంటనే వెళ్లి తిరిగిచ్చేయమంది అత్తయ్య, పాపం ఆవిడ ఫైలు ఎంత తేలికైపోయిందో ఏమోనని.