మూడు టైటిళ్లు, మూడు స్థానాలు: బారెట్ జోన్స్‌ను ఎలా తూచాలి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ గణాంకాల్లో ముందు వరసలో నిలిచి ఎదుటివాళ్లను ఆపే ఆఫెన్సివ్ లైన్‌మన్‌కు చోటు దాదాపు లేనట్టే. పరుగు యార్డులు బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్ ఖాతాలోకి, పాస్ యార్డులు బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ఖాతాలోకి పోతాయి. వాళ్లకు దారి చేసిన అయిదుగురి నంబర్లు మైకులో వినిపించేది ఎక్కువగా ఫౌల్ చేసినప్పుడే. ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ వీళ్లలో ఒక్కరికీ దక్కలేదు. 1973లో ఒహాయో స్టేట్ ట్యాకిల్ (లైన్ చివర ఆడేవాడు) జాన్ హిక్స్ రెండో స్థానంలో నిలవడమే అత్యుత్తమం.

అందుకేనేమో, వృత్తి లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కొత్తవాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎన్నో వాడిగా పోయాడన్నదే వీళ్లకు తూకం రాయి అయిపోయింది. అలబామా యూనివర్సిటీకి ఆడిన బారెట్ జోన్స్ విషయంలో ఆ తూకం పూర్తిగా తప్పు.

2009లో జోన్స్ రైట్ గార్డ్, అంటే లైన్ మధ్యలోని సెంటర్‌కు కుడి పక్కవాడు. ఆ ఏడాది అతని వెనక పరిగెత్తిన మార్క్ ఇంగ్రమ్ అలబామాకు తొలి హైస్మన్ తెచ్చాడు, జట్టు టెక్సస్‌ను ఓడించి జాతీయ టైటిల్ గెలిచింది. 2011లో జోన్స్‌ను లైన్ ఎడమ చివరకు, లెఫ్ట్ ట్యాకిల్‌కు మార్చారు. కుడిచేతి క్వార్టర్‌బ్యాక్ పాస్ విసరబోతూ వీపు తిప్పే వైపు అది. అక్కడ ఒంటి బలం కన్నా అడుగుల వేగం ముఖ్యం. ఉత్తమ లైన్‌మన్‌కిచ్చే అవుట్‌ల్యాండ్ ట్రోఫీ అతనికి, లూసియానా స్టేట్ (ఎల్‌ఎస్‌యూ)పై 21-0తో మరో టైటిల్ జట్టుకు.

అంత పేరొచ్చాక ఇంకెవరైనా ఆ స్థానాన్ని అంటిపెట్టుకునేవారు. జోన్స్ 2012లో సెంటర్‌గా మారాడు. బంతిని వెనక్కి అందించి, ఆ క్షణంలోనే ఎదుటివాణ్ణి ఢీకొనాలి. అంతకు ముందే డిఫెన్స్ ఎత్తుగడ పసిగట్టి, ఎవరు ఎవర్ని ఆపాలో పక్కవాళ్లకు అరిచి చెప్పాలి. వరుసగా ఓపెనర్‌గా, కీపర్‌గా, స్పిన్నర్‌గా ఆడి మూడు రంజీ ట్రోఫీలు గెలిచిన క్రికెటర్‌ను ఊహించుకోండి (కాస్త అతిశయోక్తే). ఆ సీజన్‌లో రన్నింగ్ బ్యాక్‌లు ఎడీ లేసీ, టీజే యెల్డన్ ఇద్దరూ వెయ్యి పరుగు యార్డులు దాటారు. జోన్స్‌కు ఉత్తమ సెంటర్‌కిచ్చే రిమింగ్టన్ ట్రోఫీ, చదువునూ లెక్కలోకి తీసుకునే క్యాంప్‌బెల్ ట్రోఫీ వచ్చాయి.

జార్జియాతో ఆడిన ఎస్‌ఈసీ (అలబామా ఆడే కాలేజీ లీగ్) ఫైనల్‌లో అతని పాదం లిగమెంట్ దెబ్బతింది. అయినా 2013 జనవరిలో జాతీయ టైటిల్ మ్యాచ్‌లో నోటర్‌డామ్‌పై ఆడాడు. 42-14తో గెలిచిన ఆ మ్యాచ్‌లో, ఫలితం తేలిపోయాక కూడా, బంతి అందించే సమయంపై గొడవపడి సొంత క్వార్టర్‌బ్యాక్ ఏజే మెకారన్‌నే తోసేశాడు. నాకు ట్రోఫీలన్నిటికన్నా ఆ తోపులోనే అతని ఆట తెలుస్తుంది.

ఆ ఏప్రిల్ డ్రాఫ్ట్‌లో అదే లైన్‌లోని ఛాన్స్ వార్మాక్, డీజే ఫ్లూకర్ 10, 11 స్థానాల్లో పోయారు. జోన్స్‌ను సెయింట్ లూయిస్ రామ్స్ నాలుగో రౌండ్‌లో తీసుకుంది. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో నిలదొక్కుకోలేదు. వృత్తి జట్లు ఒక్క పనిలో ఆరితేరినవాణ్ణి కొంటాయి, గాయపడ్డ పాదాన్ని చూస్తాయి. అది వాళ్ల వ్యాపారం. అలబామాలో ఆ నాలుగేళ్లలో అతను చేసిన పనికి దానితో సంబంధం లేదు.