లెక్కలు ఎగ్గొట్టిన జీవశాస్త్రం

పదో తరగతి ఫలితాలు రాగానే మన ఇళ్ళలో జరిగే పంపకం తెలిసిందే. లెక్కలు బాగా వస్తే ఎంపీసీ, లేదంటే బైపీసీ. ఆ వేసవితో లెక్కల పుస్తకం అటకెక్కుతుంది. డాక్టరు కావాల్సిన పిల్లకు ఇక అంకెలతో పనేమిటని ఇంట్లోవాళ్ళ ధీమా, కాలేజీకి అసలు పట్టదు. ఈ పంపకంలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది జీవశాస్త్రమే.

మెండెల్ బఠానీలనే తీసుకోండి. రెండో తరంలో గుండ్రటి, ముడతల గింజల నిష్పత్తి ఎంతని నిద్రలో లేపి అడిగినా మన పిల్లలు 3:1 అని చెబుతారు. మెండెల్‌కు వచ్చింది మాత్రం 3:1 కాదు. గుండ్రటి గింజలు 5,474, ముడతలవి 1,850. అంటే 2.96:1. మరి దీన్ని మూడుకు ఒకటని ఎలా ఒప్పుకున్నాం? అసలు విజ్ఞానం ఈ ప్రశ్నతో మొదలవుతుంది, మన పాఠం ఈ ప్రశ్న రాకముందే అయిపోతుంది. మొత్తం 7,324 గింజలు 3:1 ప్రకారం 5,493, 1,831గా విడిపోవాలి. తేడా రెండువైపులా 19. ఆ 19ని వర్గం చేసి, రావాల్సిన సంఖ్యలతో విడివిడిగా భాగించి కూడితే సుమారు 0.26. సాధారణంగా పాటించే హద్దు 3.84, అది దాటితే సూత్రాన్ని అనుమానించాలి, దాటలేదు కాబట్టి తేడా యాదృచ్ఛికమే కావచ్చు. వచ్చిన అంకెలకూ, రావాల్సిన అంకెలకూ ఉన్న తేడాను ఇలా తూచే కై-వర్గ పరీక్ష అంటే ఇంతే. తీసివేత, వర్గం, భాగహారం, కూడిక.

బైపీసీ పిల్లల మీద ఇప్పటికే మోయలేనంత బరువుందని, లెక్కల భయంతోనే అటు వెళ్ళారని అనేవారున్నారు. బరువు నిజమే. భయం మాట నమ్మను. అదే పిల్లలు నీట్ కోసం కాలిక్యులేటర్ లేకుండా భౌతికశాస్త్రం లెక్కలు చేస్తున్నారు, ఆమ్లత్వాన్ని కొలిచే పీహెచ్ కోసం లాగరిథమ్‌లతో కుస్తీ పడుతున్నారు.

ఇంగ్లండ్‌లో ఏ-లెవెల్ బయాలజీ మార్కుల్లో కనీసం పది శాతం గణిత నైపుణ్యాలవే. అమెరికాలో ఏపీ బయాలజీ (మన ఏపీ కాదు, అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలో కై-వర్గ సూత్రమున్న కాగితాన్ని వాళ్ళే ఇస్తారు. బట్టీ పట్టనక్కర్లేదు, వాడటం వస్తే చాలు. అంతదూరం ఎందుకు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్ళింది సూడాన్‌లో తవ్వి తీసిన పురాతన ఎముకల కొలతలను విశ్లేషించడానికి. ఆయన పేరు చెప్పుకుని పొంగిపోయే మనం ఎముకలను ఒక గదిలో, అంకెలను మరో గదిలో పెట్టి తాళం వేశాం.

నా అసలు కోపం ఓఎంఆర్ షీటు మీద. నాలుగు వలయాల్లో ఒకటే నిజమని రెండేళ్ళు నూరిపోశాక, ‘ఎంతవరకు నిజం?’ అని అడిగే అలవాటు ఎక్కడ మిగులుతుంది? కోవాగ్జిన్ సామర్థ్యం 77.8 శాతం అనగానే, టీకా వేసుకున్న వందమందిలో 22 మందికి జబ్బు తప్పదని లెక్కగట్టిన చదువరులు తక్కువేమీ కాదు. ఆ టీకా ప్రయోగ పరీక్షలో లెక్కకు తీసుకున్న ఒక్కో బృందంలో సుమారు 8,500 మంది. లక్షణాలతో కోవిడ్ వచ్చినవారు టీకా బృందంలో 24, ఉత్తుత్తి మందు బృందంలో 106. ఉత్తుత్తి మందు బృందం కంటే టీకా బృందంలో జబ్బు ఎంత తగ్గిందో చెప్పే ఆ శాతం ఈ రెంటి పోలికలోంచి పుట్టింది. టీకా మన హైదరాబాద్‌లోనే తయారైంది, దాని ఫలితం చదవడం మాత్రం మన బైపీసీలో నేర్పరు.

ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి జీవశాస్త్రంతో పాటు గణితమూ తీసుకునే వీలు కల్పించారు. మంచిదే, కానీ అది కోరుకున్నవారికే. నేనడిగేది వేరు. జీవశాస్త్రం ప్రశ్నపత్రంలోనే ఒక పట్టిక ఇచ్చి లెక్కకట్టమనాలి, పది మార్కుల్లో ఒకటైనా దానికి పెట్టాలి. మొదట నీట్‌లో పెడితే మరీ మంచిది. వారం తిరగకముందే కార్పొరేట్ కాలేజీలు మెటీరియల్ అచ్చువేస్తాయి.