పఫ్ అంటే హడలు, పొగంటే భక్తి

మా బుడ్డదానికి తొమ్మిదో నెల. పోయిన నెల మామూలు జలుబే అనుకున్నాం. మూడో రాత్రికి పిల్లికూతలు మొదలయ్యాయి. పాలు పట్టుకున్నట్టే పట్టుకుని వదిలేస్తోంది, డొక్కలు ఎగరేస్తోంది. గౌను పైకెత్తి, ఫోన్లో నిమిషం పెట్టుకుని ఊపిరి లెక్కపెట్టాను. 58. రెండు నెలలు దాటిన పిల్లలకి ఏడాది లోపు 50 వచ్చిందంటే ఇంట్లో కూర్చోవద్దని టీకాలప్పుడు ఏఎన్ఎం చెప్పింది గుర్తుంది. ఆటో పిలిచి పరిగెత్తాం.

డాక్టరుగారు దగ్గరుండి చూసి, ఇన్‌హేలర్, దాని మందు పిల్ల పీల్చేందుకు మధ్యలో పెట్టే మాస్కున్న గొట్టం (స్పేసర్) రాసి పంపారు. అసలు రామాయణం ఇంటికొచ్చాక.

"ఆడపిల్లకి ఇప్పట్నుంచే పఫ్ ఏంటమ్మా, అలవాటైపోదూ? సిరప్ రాయించుకోవాల్సింది" అని అత్తయ్య. మా పెద్దమ్మైతే ఫోన్లోనే "పాల ఉబ్బసమని ఎవరికీ చెప్పకే తల్లీ" అంది. తొమ్మిది నెలల పిల్లకి సంబంధాలు చూస్తున్నారు మరి!

సరే, లెక్కే చూద్దాం. ఇన్‌హేలర్‌లోది సాల్బుటమాల్, ఊపిరిగొట్టాలు విప్పే మందు. పఫ్ ఒకటి, అంటే ఒక్క నొక్కు, 100 మైక్రోగ్రాములు. అదే మందు సిరప్‌లో 5 ఎంఎల్‌కి 2 మిల్లీగ్రాములు, అంటే ఇరవై పఫ్‌లంత. పఫ్ తిన్నగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, సిరప్ ఒళ్లంతా తిరిగొస్తుంది, గుండె దడ తెస్తుంది. ఇందులో దేనికి భయపడాలి?

అమెరికాలో టక్సన్ అనే ఊళ్లో 1980లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించారు. మూడేళ్లలోపు ఇంచుమించు ప్రతి ముగ్గురిలో ఒకరికి ఒక్కసారైనా పిల్లికూతలు వచ్చాయి. వాళ్లలో సగానికి పైగా ఆరేళ్లకి మామూలైపోయారు. పసివాళ్ల ఊపిరిగొట్టాలు అసలే సన్నం. మనకి ముక్కు దిబ్బడతో పోయే వైరస్సే వాళ్లకి గొట్టాలు వాచి ఈల వేయిస్తుంది. అందుకే ఈ వయసులో డాక్టర్లు ఉబ్బసమని తొందరపడి ముద్ర వెయ్యరు. అమ్మకో నాన్నకో ఉబ్బసం ఉన్నా, పిల్లకి ఎగ్జిమా (ఒంటిమీద దురదతో మచ్చలు) ఉన్నా కాస్త ఎక్కువ కనిపెట్టుకుని ఉండాలి, అంతే.

ఇక పొగ సంగతి. స్నానం కాగానే సాంబ్రాణి, సందెవేళ దోమల చక్రం, పూజగదిలో అగరొత్తులు. మామయ్యగారు వసారాలో చుట్ట కాల్చి, అదే కండువాతో పిల్లనెత్తుకుంటారు. యార్డుకి మిర్చి టిక్కీలు దిగే రోజుల్లో గుంటూరు గాలికే ఘాటు, దాన్ని మనం ఆపలేం. ఇంట్లో దాన్నైనా ఆపొచ్చుగా? పైగా పక్కింటావిడ కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి ఛాతీకి రాయమని గిన్నెతో సహా తెచ్చింది. పసిపిల్లలకి కర్పూరం పడదండీ, ఫిట్స్ రావచ్చు. గిన్నె కడిగి వెనక్కిచ్చా.

నిన్న పిల్లకి తలంటాక అత్తయ్య అలవాటుగా సాంబ్రాణి కుంపటి పట్టుకొచ్చారు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగారు.

"మరి తల ఎలా ఆరుతుందే?"

తువ్వాలు చేతికిచ్చాను. మూతి ముడుచుకునే తుడిచారు.