భోజనశాల గుమ్మం మీది వెండి చెంచా గారికి

మహారాజశ్రీ వెండి చెంచా గారి దివ్యసముఖమునకు,

హైదరాబాదు నుండి ఒక ప్రేక్షకుడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము. ఇచ్చట అందరమూ క్షేమం. మీ క్షేమసమాచారం మాత్రం అడగడం లేదు. జపాను ఉత్తరాన ఉన్న హొక్కైదో దీవిలోని వ్యవసాయ పాఠశాల భోజనశాల గుమ్మం మీద, ఎవరి చేతికీ అందనంత ఎత్తున, ఏనాడూ ఒక్క మెతుకైనా ఎవరి నోటికీ అందించనక్కర లేకుండా వేలాడుతున్న వారికి క్షేమానికి లోటేముంటుంది?

మిమ్మల్ని ఎరుగనివారు కూడా ఈ లేఖ చదువుతారు కనుక మీ పరిచయం నాలుగు మాటల్లో చెప్పక తప్పదు. హిరోము అరకవా గారు 2011లో ఒక వారపత్రికలో బొమ్మల కథగా మొదలుపెట్టి 2019లో 15 సంపుటాలతో ముగించిన రచనకు మీ పేరే పెట్టారు. జపాను భాషలో ‘గిన్ నో సాజి’ అంటే వెండి చెంచా. ఏ-వన్ పిక్చర్స్ వారు దానిని 2013 వేసవిలో 11 భాగాలుగానూ, 2014 మొదట్లో మరో 11 భాగాలుగానూ అనిమే, అంటే కదిలే బొమ్మల ధారావాహిక, తీశారు. నేను చూసినది ఆ 22 భాగాలనే. నా ఫిర్యాదు కూడా వాటి మీదనే, మీ మీదుగా.

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. మధ్యాహ్న భోజనం వేళ ఆఫీసు క్యాంటీనులో కూర్చుని ‘ఇదంతా వదిలేసి ఊళ్ళో రెండెకరాలు కొనుక్కుని, రెండు ఆవులను పెట్టుకుని హాయిగా బతకాలి’ అని వారానికి రెండుసార్లైనా అనే జాతికి చెందినవాడిని. ఊరి చివర గుంటల లెక్కన అమ్మే ఫామ్ ప్లాట్లకు, ప్లాటుకొక మామిడి మొక్క ఉచితమన్న ప్రకటనలకు మేమే మహారాజ పోషకులం. పట్నం కుర్రాడు పల్లె బడిలో చేరే కథ అన్నారు కనుక పచ్చిక బయళ్ళు, చల్లని గాలి, కుర్రాడి ముఖాన మెల్లగా విచ్చుకునే మనశ్శాంతి చూసి నిద్రపోదామనుకున్నాను. మీ కథ మొదటి రాత్రే నా పక్కలో పేడ తట్ట దింపింది.

హచికెన్ యూగో అనే ఆ కుర్రాడు సప్పోరో నగరంలో మార్కుల పరుగులో అలసి, తండ్రి చూపు పడని చోటు కావాలని, హాస్టలు ఉన్నదన్న ఒక్క కారణంతో ఓఎజో వ్యవసాయ పాఠశాలలో చేరాడు. ఎజో అన్నది హొక్కైదోకు పాత పేరు. రైతుబిడ్డల మధ్య మొదటి ర్యాంకు తనదేనని అతని ధీమా. మొత్తం మార్కులలో ముందు నిలిచాడు గాని, ఒక్కొక్క సబ్జెక్టు తీసుకుంటే ఎవడో ఒక రైతుబిడ్డ అతనిని దాటిపోయాడు. ఇంటర్మీడియట్ కార్పొరేటు కాలేజీల హాస్టళ్ళ నుండి బయటపడిన మా తెలుగువారికి ఈ అబ్బాయిని పరిచయం చేయనక్కర లేదు. మా ఇళ్ళలో ఇటువంటివారు మేడకొకరు చొప్పున ఉన్నారు. తేడా ఏమిటంటే, వారిని మేము ఆవుల దగ్గరకు పంపము.

గుడ్డు కోడి శరీరంలో ఏ దారిన బయటకు వస్తుందో కళ్ళారా చూసి హచికెన్ బిక్కచచ్చిపోయిన ఘట్టంలో నేను నవ్వలేదు. ఎందుకంటే నాకూ ఆ దారి గురించి స్పష్టమైన ఆలోచన అంతవరకు లేదు. డజను చొప్పున అట్ట ట్రేలో పుట్టే వస్తువుగానే దానిని భావిస్తూ వచ్చాను.

అయితే మీ వైపు కూడా కొంత న్యాయం చెప్పాలి. బడి ఆవరణలో చెత్త ఏరుతుండగా పాత ఇటుక పొయ్యి ఒకటి బయటపడుతుంది. పిజ్జా కాల్చవచ్చు గదా అన్నది ఒకరి ఊహ. కాదనడం చేతకాని హచికెన్ నెత్తిన ఆ పని పడుతుంది. వేడివేడి పిజ్జా ఇంటికి తెప్పించుకుని తిన్న అనుభవం ఆ పిల్లలకు లేదు; వారి పొలాలు అంగడి కుర్రాడి బండి వచ్చే దూరంలో లేవు. పిండి ఒకచోట, చీజు ఒకచోట, కూరగాయలు మరొకచోట సంపాదించి వాళ్ళు కాల్చుకున్న పిజ్జాలో అంగట్లో కొన్న సరుకు దాదాపు ఏమీ లేదు. దేశానికి పాలు, చీజు పంపే ఇళ్ళకు పిజ్జా చేరకపోవడంలోని హాస్యాన్ని రచయిత్రి ఒక్క మాటలో తేల్చి వదిలేశారు. నేనైతే దాని మీద ఒక ఉపన్యాసం ఇచ్చి ఉండేవాడిని.

ఇక ఆ పందిపిల్ల సంగతి. దీని మీద కొంత సేపు కూర్చుంటాను, ఓర్చుకోగలరు.

పందిపిల్లలు పుట్టిన కొద్ది రోజులకే ఎవరి చన్ను వారిదని పంచుకుంటాయి. ముందు వైపు వాటిలో పాలు ఎక్కువ కనుక బలమైన పిల్లలు అవి పట్టుకుంటాయి. బక్కదానికి చివరిది మిగులుతుంది. ర్యాంకుల పట్టీ నుండి పారిపోయి వచ్చిన కుర్రాడికి తల్లి పొట్ట మీద మళ్ళీ అదే పట్టీ కనబడితే మనసు ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర లేదు. చివరి చన్ను దగ్గరి బక్కపిల్లను అతను చేరదీశాడు. తినబోయే జీవికి పేరు పెట్టవద్దని తోటివారు హెచ్చరించారు. అంతగా పెట్టాలనుకుంటే ఇదే సరైనదన్నట్టు చివరకు దానికి ‘బుతాదోన్’ అన్న పేరు స్థిరపడింది. తియ్యని సోయా రసంలో కాల్చిన పంది ముక్కలను వేడి అన్నం మీద పరచి వడ్డించే ఓబిహిరో ప్రాంతపు వంటకం అది. మన ఇంట మేకపిల్లను ఎత్తుకుని ముద్దుగా ‘బిర్యానీ, ఇలా రామ్మా’ అని పిలిచినట్టు.

ఇటువంటి కథలలో ఇక్కడ ఒక అద్భుతం జరగాలి. పిల్లాడి కన్నీళ్ళు చూసి మాస్టారు కరగాలి, పంది బతకాలి, నేను కళ్ళు తుడుచుకుని పడుకోవాలి. అదేమీ జరగలేదు. బుతాదోన్ మేసింది, బలిసింది, కబేళా బండి ఎక్కింది. వేసవి సెలవులలో తోటి విద్యార్థిని మికాగే వారి పాడిపొలంలో చాకిరీ చేసి సంపాదించిన కూలి డబ్బుతో హచికెన్ ఆ మాంసాన్నంతటినీ తానే కొన్నాడు. ఆ కూలికి కూడా ఒక మచ్చ ఉన్నది. పాలగొట్టం సరిగా తగిలించని పాపానికి ఒక పూట పాలన్నీ నేలపాలైతే, నాకు జీతం వద్దన్న కుర్రాడి చేతిలో ఆ ఇంటివారు డబ్బు పెట్టి పంపారు. నేలపాలైన పాల విలువ తెలిసిన చేతితోనే ఆ మాంసానికి వెల చెల్లించాడు. పొగలో ఆరబెట్టి బేకన్ చేసి తోటివారికి పెట్టాడు, తానూ తిన్నాడు. రుచిగా ఉన్నది. దుఃఖమంతా ఆ రుచిలోనే ఉన్నది.

సరిగ్గా ఆ భాగం నడుస్తుండగా నా తలుపు గంట మోగింది. తెరను ఆపి వెళ్ళాను. చికెన్ దమ్ బిర్యానీ పొట్లం, అందులో చక్రాలుగా తరిగిన ఉల్లిపాయ, వాడిపోయిన నిమ్మచెక్క, కాగితంలో చుట్టిన తెల్లని ప్లాస్టిక్ చెంచా. తెర మీద హచికెన్ నోరు తెరిచి ఆగిపోయి ఉన్నాడు. నేను నోరు తెరిచి అతని ఎదుట కూర్చున్నాను. ఆ ప్లాస్టిక్ చెంచా మీకు దూరపు చుట్టమవుతుందేమో తెలియదు గాని, తమరికన్నా ఆ పూట అదే ఎక్కువ పని చేసింది.

ఇప్పుడు అసలు అభియోగానికి వస్తాను.

వెండి చెంచాతో పుట్టిన బిడ్డకు జీవితంలో తిండికి లోటుండదన్న నానుడి మీకు మూలాధారమని విన్నాను. రైతుబిడ్డకు ఏది ఉన్నా లేకున్నా ఆకలి మాత్రం ఉండదన్న హామీగా మిమ్మల్ని ఆ గుమ్మానికి తగిలించారు. మంచిదే. మరి కొమాబా ఇచిరో సంగతి ఏమిటి? హచికెన్ తోటి విద్యార్థి అయిన ఆ పిల్లవాడు ప్రతిరోజూ మీ కిందుగానే భోజనానికి నడిచాడు. బేస్‌బాల్‌లో బంతి విసరడంలో దిట్ట. తండ్రి లేని ఇల్లు, అప్పులో ఉన్న పాడిపొలం, ఆటలో పేరు తెచ్చుకుని ఆ అప్పు తీర్చాలన్న ఆశ. ఆట ఓడిపోయింది, పొలం మూతపడింది, ఆవులను బండ్లెక్కించి తీసుకుపోయారు. పాకలో కట్టుగొయ్యలు మిగిలాయి. కుర్రాడు బడి మానేశాడు. ఆ అప్పుకు హామీ సంతకం పెట్టిన పాపానికి మికాగే వారి ఇంటి గుర్రాలు కూడా అమ్ముడుపోయాయి. ఆ హామీ సంతకం ఘట్టంలో కింద పడే ఉపశీర్షికలు చదవవలసిన అవసరం నాకు కలగలేదు. అన్న అప్పుకు తమ్ముడి పొలం, బావ అప్పుకు బావమరిది ఇల్లు వేలానికి రావడం మా వైపు పిల్లలకు కూడా తెలిసిన వ్యవహారం.

ఆ రోజున తమరెక్కడ ఉన్నారని అడగను. గుమ్మం మీదనే ఉన్నారు. కనీసం మేకు వదులై కిందికైనా జారలేదు.

ఇదంతా కల్పన అని తమరు తప్పించుకోవడానికి వీలు లేదు. అరకవా గారు హొక్కైదోలోని తొకాచి ప్రాంతపు పాడిరైతు ఇంట పుట్టి, ఓబిహిరోలోని వ్యవసాయ పాఠశాలలోనే చదువుకుని, టోక్యో రైలెక్కే ముందు 7 సంవత్సరాలు ఇంటి పొలంలో పని చేసిన మనిషి. తన బొమ్మ వేయవలసి వచ్చినప్పుడల్లా కళ్ళజోడు పెట్టుకున్న ఆవును వేస్తారు. ఆవు వైపు నుండి కథ చెప్పే రచయిత్రి పచ్చిక బయలును నావంటి వాడి కిటికీలోంచి ఎందుకు చూస్తారు?

పైగా కథ చూపిన దానికన్నా లోకమే ఎక్కువ వ్యంగ్యం పలికింది. జపానులో ఉత్పత్తి అయ్యే పాలలో సగానికి పైగా హొక్కైదోవే. తమరి అనిమే రెండవ విడత వచ్చిన 2014లోనే ఆ దేశపు అంగళ్ళలో వెన్నకు కరవు వచ్చింది. అమ్మో, ఆవులు చాలడం లేదని, మందలు పెంచండని ప్రభుత్వం రైతులకు సాయం చేసి మరీ ప్రోత్సహించింది. రైతులు అప్పు చేసి పాకలు పెంచారు. దూడ పెరిగి ఈని పాలిచ్చేందుకు రెండేళ్ళకు పైగా పడుతుంది. ఆ లెక్క ఆవుకు తెలుసు, ఫైలుకు తెలియదు. కరోనా కాలంలో బళ్ళు, హోటళ్ళు మూతపడి పాలు మిగిలిపోయాయి, ఆపైన మేత ధరలు మండిపోయాయి. 2023లో అదే ప్రభుత్వం పాలిచ్చే ఆవును ముందుగానే కబేళాకు పంపితే తలకు 1,50,000 యెన్లు ఇస్తామన్నది. పెంచడానికి ఒక సాయం, చంపడానికి ఒక సాయం. నడుమ ఆవుకు పేరు పెట్టుకున్న ఇంటివారికి మాత్రం ఏ పద్దు కిందా ఏమీ లేదు. వ్యవసాయమే ముఖ్య వృత్తిగా బతికేవారి సగటు వయసు 2020 నాటికే అక్కడ 67.8 సంవత్సరాలు. మీ భోజనశాలలో వరుసలో నిలబడి ట్రేలు పట్టుకున్న పిల్లలు ఎంత అరుదైనవారో ఈ లెక్క చూశాక గాని నాకు తెలియలేదు.

తమరి మీద ఇంత కోపం ఎందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. మావద్ద కూడా తమరివంటి వారు ఉన్నారు. మేము వెండికి బదులు మాటతో పోత పోస్తాము. ‘రైతే రాజు’ అన్నది ట్రాక్టరు వెనుక, ఎరువు బస్తా మీద, ఎన్నికల గోడ మీద అదే ఎత్తులో వేలాడుతుంది. టమాటాకు కోత కూలి కూడా గిట్టక రోడ్డు పక్కన పారబోసిన రోజున కూడా ఆ అక్షరాలు చెక్కుచెదరవు.

అసలు వెండి సంగతి నాకు చిన్నప్పుడే తెలిసి ఉండవలసింది. నా అన్నప్రాశనకు అమ్మమ్మ గారింటివారు వెండి ఉగ్గుగిన్నె పెట్టారు. దాని అంచు మీద నా పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించారు. నేను నాలుగో తరగతి చదివే ఏడు, తొలకరి పడింది గాని చేతిలో వేరుశెనగ విత్తనానికి డబ్బు లేక, తాతయ్య ఆ గిన్నెను తువ్వాలులో చుట్టుకుని నన్ను కూడా వెంట తీసుకుని టౌనులో తాకట్టు దుకాణానికి వెళ్ళారు. సేటు గిన్నెను బోర్లించి గోటితో గీరి, అడుగున అతుకు ఉన్నది కనుక తరుగు తీస్తానన్నాడు. త్రాసులో పెట్టాడు. నా పేరున్న అంచు పైకి కనబడుతున్నది. విత్తనం వచ్చింది, వాన వెళ్ళిపోయింది, గిన్నె మళ్ళీ ఇంటికి రాలేదు. కొమాబా వారి ఆవులు బండి ఎక్కుతుంటే నాకు గుర్తుకు వచ్చింది ఆ గోటిగీత చప్పుడు.

కనుక తమరిని ఒక్క విషయం అడిగి సెలవు తీసుకుంటాను. ఇది మీ ప్రతిష్ఠకు సంబంధించినదని కోపగించుకోవద్దు, వ్యాపారానికి సంబంధించినది. నేలకు దిగి త్రాసులో కూర్చుంటే తమరు ఎన్ని తులాలు తూగుతారు? తరుగు పోను ఎంత? తమరి కాడ లోపలిదాకా వెండేనా, లేక పైపూతేనా? కొమాబా కుర్రాడి కోసం అడుగుతున్నాను.

జవాబు తిరుగు టపాలో దయచేయగలరు.

ఇట్లు,
భవదీయుడు,
రెండెకరాలు ఇంకా కొనని ఒక నగరవాసి