పాక కట్టింది నేను, స్టేటస్ పెట్టింది మా బావమరిది

ఇప్పుడే చూశా. ప్రత్తిపాడు దగ్గర మా మిర్చి కళ్లం పక్కన నేను కట్టుకున్న కాపలా పాక ముందు, చొక్కా చేతులు మడిచి, భుజాన గడ్డపార పెట్టుకుని మా బావమరిది ఫోటో. కింద 'అవర్ హంటింగ్ క్యాబిన్' అని రాశాడు. అవర్ అట! నేను గుంటలు తవ్వుతుంటే అయ్యగారు కారులో ఏసీ వేసుకుని రీల్స్ చూశారు.

ఇంతకీ వేట దేనికయ్యా, కొంగలకా? 1972 నుంచీ వన్యప్రాణి చట్టం ఉంది నాయనా. ముందు నిన్నే పట్టుకుపోతారు, స్టేటస్సే సాక్ష్యం.

పైగా సలహా ఒకటి. "బావా, ఫారిన్‌లోలాగా మొత్తం దుంగలతో కట్టాల్సింది." ఆ చలి దేశాల్లో దుంగల చివర్లు గాడి కొట్టి, ఒకదానిమీద ఒకటి పేర్చి, సందుల్లో నాచు కుక్కేది గాలి రాకుండా. రోళ్లు పగిలే రోహిణి కార్తెలో గుంటూరు జిల్లాలో గాలి రాని కొంపలో పడుకుంటే ఇడ్లీలా ఉడుకుతాం. అందుకే తాటాకు. దానికీ వాలు బాగా ఏటవాలుగా ఉండాలి, లేకపోతే నీళ్లు నిలిచి ఆకు కుళ్లిపోతుంది. రీల్స్‌లో ఇవి చెప్పరు.

నల్లరేగడిలో గుంజ పాతడమంటే గడ్డపారతో ఫోటో దిగడం కాదు. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. తవ్విన మట్టే మళ్లీ కూరితే రెండేళ్లలో గుంజ ఊగుతుంది. సరుగుడు గుంజల అడుగులు కాల్చి, చెదలు పట్టకుండా తారు పూసి, గుంటలో గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టా. అరచేతుల్లో బొబ్బలు ఇంకా మానలేదు. ఆ తారు వాసనకే ముక్కు మూసుకుని దూరం జరిగాడు ఈ 'అవర్' గారు.

ఇవాళ కొత్తేం కాదులెండి. పోరంకిలో వాళ్లిల్లు కట్టేటప్పుడు స్లాబు వేయించి, "బావా, కాస్త చూస్తుండు" అని సకుటుంబంగా తిరుపతి చెక్కేశాడు. స్లాబు మీద మళ్లు కట్టి, అవి ఆరిపోకుండా పొద్దున్నా సాయంత్రం నీళ్లు నింపిందెవరు? ఉద్యోగానికి సెలవు పెట్టి మరీ నేనే! మోటారు కాలిపోతే మెకానిక్‌కి డబ్బులిచ్చిందీ నేనే. ఇప్పటిదాకా ఆ ఊసే లేదు. ఇంటికి వచ్చినవాళ్లందరికీ మాత్రం "దగ్గరుండి కట్టించుకున్నా" అని చెప్తాడు. దగ్గరంటే ఎక్కడ, అలిపిరి దగ్గరా?

గృహప్రవేశం నాడు మేస్త్రీకి బట్టలు పెట్టారు. పెట్టాల్సిందే, కష్టపడ్డాడు. వడ్డించేవాళ్లు తక్కువయ్యారని నా చేతికి సాంబారు బకెట్టు ఇచ్చారు. చివరి బంతిలో కూర్చుంటే పెరుగు అయిపోయిందన్నారు.

మా ఆవిడ ఈ పోస్టు చదువుతుంది. చదవనీ.