పాతదైతే చాలదు

మీ వ్యాసం బాగుంది కానీ, బేస్‌బాల్ కార్డు (ఆటగాళ్ల బొమ్మలతో అచ్చువేసే, జనం సేకరించే చిన్న అట్టముక్క) ఎంత పాతదైతే అంత ఖరీదు అన్నట్టు రాశారు, అది మాత్రం ఒప్పుకోలేను. టాప్స్ అనే అమెరికన్ కంపెనీ 1952లో వేసిన సెట్టే చూడండి. అందులో 311 నుంచి 407 దాకా ఉన్న కార్డులు సీజన్ చివర్లో వచ్చాయి, అప్పటికే పిల్లల ధ్యాస అమెరికన్ ఫుట్‌బాల్ మీదికి మళ్లింది, దుకాణాల వాళ్లు పెద్దగా తెప్పించుకోలేదు. మిగిలిపోయిన పెట్టెలు గోడౌన్‌లో ఏళ్ల తరబడి పడి ఉంటే 1960లో పడవకెక్కించి అట్లాంటిక్ సముద్రంలో పారబోయించానని ఆ సెట్ రూపొందించిన సై బెర్గరే చెప్పాడు. పేరున్న ఆటగాడు మిక్కీ మాంటిల్ కార్డు నంబరు 311. నిజానికి ఆ చివరి వరుసలో మాంటిల్ కార్డును మిగతావాటికి రెట్టింపు అచ్చువేశారు, అంటే పక్కనున్న చాలా కార్డులు దానికంటే అరుదు! అయినా 2022లో ఒక మాంటిల్ కార్డు 1.26 కోట్ల డాలర్లకు పోయిందంటే ఆటగాడి పేరుతో పాటు కార్డు స్థితి కూడా కారణమే. నాలుగు మూలలూ పదునుగా ఉండాలి, బొమ్మ చుట్టూ తెల్ల అంచు అన్నివైపులా సమానంగా రావాలి. రబ్బరు బ్యాండ్లు వేసి జేబుల్లో కుక్కుకుని తిరిగిన పిల్లల చేతుల్లో అలాంటివి ఎన్ని మిగులుతాయి?

అంతకంటే పాతకాలపు ఆటగాడు హోనస్ వాగ్నర్ కార్డు సంగతి వేరు. అప్పట్లో కార్డులు సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి, వాటిలో తన బొమ్మ వద్దన్నాడు, అచ్చు ఆపేశారు, అందుకే అది అరుదు. 1980ల చివరి కార్డులేమో కుప్పలుగా అచ్చువేశారు, అందరూ జాగ్రత్తగా దాచుకున్నారు, ఇప్పుడు అడిగేవాళ్లే లేరు. ఇది కూడా వ్యాసంలో చేర్చండి, అటకమీది పెట్టె చూసుకుని ఆశపడేవాళ్లు చాలామంది ఉన్నారు.